హస్తవాసి గల ముఖ్య అతిథి

కొమరోలు మండలంలో ఆ వారం అందరికంటే ముఖ్యమైన ప్రాణి రంగమ్మ ఆవు. దాని పొదుగు వాచింది. పశువుల మూలికా వైద్య శిబిరానికి సరిగ్గా అలాంటి పొదుగే కావలసి ఉంది. ప్రజలకు మేలు జరగాలంటే అన్నీ అలా కలిసిరావాలి.

శిబిర నిర్వాహకుడు కృపాకర్ వచ్చి, వాపుకు నాలుగు వైపులా ఫొటోలు తీసి, తృప్తిగా తల ఊపాడు. కలబంద, పసుపు, సున్నం కలిపి నూరి పూస్తే తగ్గుతుందన్నాడు. రంగమ్మ వెంటనే కొంగు బిగించింది.

“ఆగమ్మా! గురువారం ముఖ్య అతిథిగారు స్వహస్తాలతో పూస్తారు. అందాకా వాపు ఇట్లనే ఉండాల.”

“ఏంది సారూ, వాపును గూడా అతిథికని ఎత్తిపెట్టాల్నా? చన్ను మూసుకుపోయి గుడ్డిదైతే నువ్వొచ్చి పాలిస్తావా?”

“ప్రోగ్రాం ఫిక్సయిపోయింది తల్లీ.”

ఇంతకు మించిన వైద్య కారణం ఎక్కడుంటుంది?

గురువారం అతిథిగారికి గిద్దలూరులో చలివేంద్రం ప్రారంభించే పని పడింది. శనివారమన్నారు. శనివారం మార్కాపురంలో సన్మానం. ఎవరికని అడగకండి. ఈలోగా పాలు తెట్టెలు కట్టాయి. పొదుగు రాయిలా బిగిసింది. రంగమ్మ ఇక ఆగలేదు. దిష్టికని గుమ్మానికి తలకిందులుగా కట్టిన కలబందను తెంచింది. పాలు పూర్తిగా పిండి, పొదుగు కడిగి, నూరిన ముద్ద పూసింది. ఆరినప్పుడల్లా కడిగి మళ్లీ పూసింది.

మొగుడు గురవయ్య బెదిరిపోయాడు. “సారొచ్చి వాపేదంటే ఏం చెప్తావే?”

“గుమ్మానికి కలబంద లేదుగదా, వాపుకు దిష్టి తగిలిందని చెప్తా!”

తరవాతి బుధవారం షామియానా లేచింది. అతిథిగారు దిగారు. ఆవు పొదుగు దూదిలా మెత్తగా ఉంది. కృపాకర్ ముఖం మాత్రం వాచింది. అయినా కార్యదక్షుడు గనక, అతిథిగారి వేళ్లు పొదుగును తాకగానే మైకు అందుకున్నాడు. “చూడండి! అయ్యగారి చెయ్యి పడీపడగానే వాపు మాయం!”

చప్పట్లు మోగాయి.

“నా హస్తవాసి గురించి నేనే చెప్పుకోకూడదు” అంటూ మొదలుపెట్టి, అతిథిగారు మధ్యాహ్నం భోజనాల దాకా చెప్పుకున్నారు. రానున్న ఎన్నికల్లో ఆ చేతిని బలపరచమని కూడా కోరారు.

“నేను ముందే పూసినా సారూ!” అని రంగమ్మ అరిచింది. మైకు లేని సత్యం షామియానా దాటదు.

పదిరోజుల్లో పక్కింటి భాగ్యమ్మ బర్రెకూ పొదుగు వాచింది. రంగమ్మ కలబంద పట్టుకుని పరుగెత్తింది. భాగ్యమ్మ అడ్డం నిలబడింది.

“ఆకు మా దొడ్లోనూ ఉండాదక్కా. నీ చెయ్యీ ఆయన చెయ్యీ ఒకటేనా? మళ్లీ వస్తానని మైకులో చెప్పినాడుగదా!”

ఎప్పుడొస్తాడో మాత్రం చెప్పలేదు. బర్రె దగ్గరికొచ్చిన వాళ్లనల్లా తంతోంది. పాపం, దానికి ఓటు లేదు గనక తంతోంది. ఓటున్నవాళ్లం ఓపికగా కూర్చున్నాం.