అత్తకొండకు పడ్డ మార్కులు

అత్తకొండలో పవిత్రత ఎంతుందో కొలవడానికి వారసత్వ శాఖ వారు సోమవారం పదిన్నరకు వేంచేశారు. భోజనం వేళకల్లా పట్నం చేరాలని ముందే నిర్ణయించుకుని మరీ వచ్చారు. నూటికి యాభై వస్తే కొండ ఉంటుంది. రాకపోతే కంకరై, కొత్త రోడ్డు కింద దేశసేవ చేస్తుంది.

ఆ నేల ఆదివాసి ఈలీన్ ముసలమ్మ కొండ ముందు మడతకుర్చీ వేసుకుని టీ కాచుకుంటోంది. ఆ కొండను చూసుకునే బాధ్యత వాళ్ళమ్మ నుంచి ఆమెకు వచ్చింది. బెంగ పైకి తేలనివ్వకుండా కుక్కల్ని తిడుతూ కూర్చుంది.

మదింపు అధికారి గ్రేడన్ గారు మహా మర్యాదస్తులు. టోపీ తీసి, "పెద్దమ్మా, ఈ కొండ కథేమిటో చెప్తారా?" అన్నారు.

"అల్లుడికి ఎదురుపడకూడదని అత్త అటు తిరిగి కూర్చుంది. అదిగో, అవతలిది అల్లుడికొండ. ఆపైది ఆడవాళ్ళ కథ. నీకు చెప్పను."

"కొంచెమైనా?"

"మీ అమ్మని పంపు, చెప్తా."

అమ్మగారిని పంపే వీలు నిబంధనల్లో లేనందున, గ్రేడన్ గారు ఆధ్యాత్మిక విలువకు సున్నా వేశారు. సాంస్కృతిక విలువకు పన్నెండు, టీ బాగున్నందుకు. కొండ ఎటునుంచి చూసినా మొహం తిప్పుకున్నట్టే ఉండి ఫొటోకు పనికిరాదు కాబట్టి సౌందర్యానికి నాలుగు. మొత్తం పదహారు. కొండ ఫెయిలయింది.

"నా కొండని తవ్వి రోడ్డుకేస్తావురా, దిక్కుమాలినవాడా!" అని ఈలీన్ లేచి నిలబడింది. కళ్ళనీళ్ళు ఆగలేదు. గ్రేడన్ గారు దాన్ని కూడా శ్రద్ధగా రాసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు బుల్డోజరు వచ్చింది. నడిపేవాడు క్లిఫ్టన్, సాక్షాత్తూ ఈలీన్ కూతురి మొగుడు. ఆ ఊళ్ళో అత్త మొహం అల్లుడు చూడకూడదు, మాట్లాడకూడదు. ఆమె కొట్లో ఉంటే అతను బయట ఎండలో నిలబడాల్సిందే. కంపెనీ వారు ఉద్యోగమిచ్చేటప్పుడు లైసెన్సు అడిగారు గానీ అత్తగారెవరని అడగలేదు.

కుర్చీ కనబడగానే క్లిఫ్టన్ టోపీ మొహం మీదికి లాక్కుని, బుల్డోజరును రెండు మైళ్ళు వెనక్కి నడిపాడు. పడమటి వైపు నుంచి వచ్చాడు. కుర్చీ అక్కడా ఉంది.

రాయబారం ఈలీన్ కూతురు షెరోన్ మీద పడింది. "అమ్మా, కాస్త జరగవే. ఆయన ఉద్యోగం పోయేలా ఉంది."

"మోకాళ్ళ నొప్పులే తల్లీ, జరగలేనని మీ ఆయనకి చెప్పు."

"మరి తూర్పు నుంచి పడమటికెలా వచ్చావు?"

"అది కొండ పని."

బదులుగా క్లిఫ్టన్ తమ్ముణ్ణి పంపారు. వాళ్ళ వరసల్లో అల్లుడి తమ్ముడూ అల్లుడే. అతనూ వెనక్కే నడిపాడు.

గ్రేడన్ గారు పరుగున వచ్చి పరిశీలించారు. ఇంజను భేషుగ్గా ఉంది, డీజిలు నిండా ఉంది, కొండ దగ్గరికొస్తే మాత్రం బండి వెనక్కి పోతోంది. ఆయనకు ఒళ్ళు జలదరించింది. అదృశ్య శక్తి ఉందని నిర్ధారించి, నూటికి నూరు వేశారు. రోడ్డు పక్కకు తప్పుకుంది.

పవిత్రత రుజువయ్యాక ఊరుకుంటారా? చుట్టూ కంచె వేశారు. "అతి పవిత్ర స్థలం. ఎవరూ రాకూడదు. కుర్చీలు వేయరాదు, టీ కాచరాదు" అని బోర్డు పెట్టారు. ఈలీన్ రావాలంటే దరఖాస్తు పెట్టుకుని ఆరు వారాలు ఆగాలట. కాపలాకు స్థానికుణ్ణే పెట్టాలని, ఖాళీగా ఉన్న క్లిఫ్టన్‌ను పెట్టారు.

రోజూ పొద్దున్నే ఈలీన్ కంచె తీగ పైకెత్తి దూరి, కుర్చీ వేసి, టీ పెడుతుంది. క్లిఫ్టన్ ఠక్కున అటు తిరుగుతాడు. సాయంత్రం రిజిస్టరులో, "ఈ రోజు ఎవరూ కనిపించలేదు" అని రాసి సంతకం పెడతాడు. అందులో అణువంత అబద్ధం లేదు.

శాఖ వారికి మహా సంతృప్తి. ఈ నేల మీద మనుషులెవరూ కనిపించలేదని రాసుకోవడం, తెల్లవాళ్ళు ఇక్కడ మొదటి ఓడ దిగిన రోజు నుంచీ వాళ్ళకు అలవాటే కదా!