కుట్టేసిన జేబులో కంప్యూటర్

“ఇకమీదట మన పిల్లల జేబుల్లో గోళీలు కాదు, కంప్యూటర్లు ఉంటాయి!” అని విద్యామంత్రిగారు సెలవిచ్చారు. అరచేతిలో ఇమిడే కిట్టు అది. పిల్లలు రాసిన ప్రోగ్రాం ఎక్కిస్తే బుల్లి బల్బులు వెలిగిస్తుంది, వేడి కొలుస్తుంది, చీకటి పడితే కనిపెడుతుంది. నిద్రలో కూడా ప్రజల కోసం పరితపించే మనిషికి తప్ప ఇలాంటి ఆలోచన ఇంకెవరికి వస్తుంది?

అందరికంటే మురిసిపోయింది సైన్సు టీచరమ్మ. పాపం, ఆవిడ అన్నాళ్లూ నల్లబల్ల మీద కంప్యూటర్ బొమ్మ గీసి, దాంతోనే కోడింగ్ నేర్పుతోంది. బల్బు వెలిగిందనడానికి పసుపు సుద్ద. ఆ క్లాసులో ఒక పొడుగు జడ పిల్ల, చీకటి పడగానే దానంతటదే వెలిగే దీపానికి ప్రోగ్రాం రాసింది. వాళ్లమ్మమ్మ నడవాలో గడప కనపడక తట్టుకుని పడింది మరి.

“టీచర్, కిట్టు రాగానే ముందు నాది ఎక్కిద్దాం. అమ్మమ్మ మళ్లీ పడకముందే.”

“నీదే ముందు తల్లీ,” అని టీచరమ్మ మాటిచ్చింది.

కిట్ల కంటే ముందు అధికారిగారు వచ్చారు. పిల్లల్ని వరసలో నిలబెట్టి, యూనిఫాంలు ఎగాదిగా చూసి గతుక్కుమన్నారు.

“జేబులేవమ్మా?”

“బట్ట పొదుపని పోయినేడు మీరే తీయించారు కదా సార్.”

“జేబు లేకుండా జేబు కంప్యూటర్ ఎలా ఇస్తాం? ఆడిట్ వాళ్లు నన్ను నమిలి మింగరూ?”

“చేతికివ్వండి సార్. చేతులున్నాయిగా.”

“చేతులు మా శాఖ కిందికి రావమ్మా.”

అంతటి పరిజ్ఞానానికి టీచరమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. వెంటనే జేబులకు టెండరు పిలిచారు. మంత్రిగారి బావమరిది, ప్రజాసేవ మీద మమకారంతో, జేబులు కుట్టే పనీ కిట్లు సరఫరా చేసే పనీ రెండూ నెత్తినేసుకున్నాడు. కొత్త యూనిఫాంలు వచ్చాయి. నడుం పక్కన జేబు, జేబులో కిట్టు, కిట్టు పోకుండా జేబు మూతికి రెండు వరసల కుట్టు. విప్పితే సర్కారు ఆస్తి పాడుచేసినట్టేనని హెచ్చరిక కూడా వచ్చింది.

“మరి నేర్చుకునేదెలా సార్?”

“ఆరునెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు కదమ్మా. పక్కనే ఉండనివ్వండి, అదే వంటబడుతుంది.”

“ఉతకొచ్చా?”

“దులపండి.”

అప్పటినుంచి కోడింగ్ పీరియడ్ కాస్తా కుట్ల తనిఖీ పీరియడ్ అయింది. వదులైన చోట పిల్లలే సూదితో బిగించేవారు. ఈలోగా అమ్మమ్మ మళ్లీ పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పొడుగు జడ పిల్ల మర్నాడు కూడా సూది పట్టుకుని తన జేబు కుట్లు బిగించుకుంది. అది చూశాక టీచరమ్మ ఇక ఆగలేకపోయింది. ఉద్యోగానికి ఎసరొస్తే వచ్చిందని తెగించి, అదను కోసం కాచుకుంది.

ఏడాది తిరిగేసరికి విజయోత్సవ సభ పెట్టారు. మంత్రిగారు వేదిక మీదికి పొడుగు జడ పిల్లనే పిలిచి, మైకు అందించారు.

“ఏం తల్లీ, కంప్యూటర్ ఎలా ఉంది?”

“ఇంకా చూడలేదండీ.”

మంత్రిగారు పకపకా నవ్వారు. మంత్రిగారు నవ్వారు కాబట్టి సభ కూడా నవ్వింది. టీచరమ్మ చరచరా వేదికెక్కింది.

“ఇప్పుడు చూస్తుంది సార్. దీపం వెలిగించి మీకూ చూపిస్తుంది,” అంటూ బ్లేడు తీసి జేబు కుట్లు తెంపింది.

లోపల్నుంచి నున్నగా చిత్రిక పట్టిన చెక్కముక్క బయటపడింది. దానిమీద మంత్రిగారి బొమ్మ అతికించి ఉంది. పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“టీచర్, దీనికి బల్బులెక్కడుంటాయి?”

అధికారిగారు మెల్లగా మంత్రిగారి కుర్చీ వెనక్కి జరిగారు. మంత్రిగారు మాత్రం తొణకలేదు, బెణకలేదు. చెక్కముక్కను అందుకుని కెమెరాల వైపు ఎత్తి పట్టుకున్నారు.

“చూశారా! ఏడాది వాడినా ఒక్క గీత పడలేదు!”

చప్పట్లు మారుమోగాయి. చేతిలో బ్లేడు ఉండటం వల్ల టీచరమ్మ ఒక్కతే కొట్టలేకపోయింది.