యూస్తైన్ తొమ్మిదింటికి వస్తాడు

గురువారం ఉదయం తొమ్మిదింటికి చిమ్నీ తుడవడానికి యూస్తైన్ వస్తాడని నార్వేలో ఓ లోయలోని చిన్న ఊళ్లో ఉండే ఓడ్వార్ ఫోనుకు సందేశం వచ్చింది. ఆ రోజు పొయ్యి వెలిగించవద్దని కూడా అందులో ఉంది. ఓడ్వార్ ఆరింటికే పొయ్యి వెలిగించాడు.

దానికి కారణం ఉంది. పడుకునే ముందు ఇల్లు వెచ్చబెట్టే ఇనుప పొయ్యిలో దుంగలు కుక్కి, దాని గాలి తలుపులు మూసి, నిప్పు తెల్లారేదాకా కుమిలేలా ఉంచడం అతని తండ్రి కాలం నుంచి ఆ ఇంటి అలవాటు. అలా కుమిలితే చిమ్నీ లోపల మసి తారులా అంటుకుంటుంది. యూస్తైన్ నిరుడు ఆ మాటా, చిమ్నీ అంటుకుంటే చెయ్యాల్సిన పనులూ కాగితం మీద రాసి వెళ్లాడు. "ఈసారి ఇంకొక్క తప్పు రాశాడంటే ఆ పొయ్యి తీయించేసి కరెంటు హీట్ పంపు పెట్టిస్తా" అని భార్య సీగ్రున్ చెప్పేసింది. ఆ పొయ్యి తలుపు మీద దుప్పి బొమ్మ ఉంటుంది. ఓడ్వార్ తండ్రి దాన్ని రైలు స్టేషన్ నుంచి గుర్రపు బండి మీద తెచ్చాడు.

ఓడ్వార్ లెక్క ఇది: ఎండిన పైన్ కట్టెలతో గంటసేపు పెద్ద మంట వేస్తే మసి కాలిపోతుంది. తొమ్మిదింటికి చిమ్నీ చల్లారుతుంది. యూస్తైన్‌కు రాయడానికి ఏమీ మిగలదు.

ఏడింటికి ఎదురింటి తెర్యె నుంచి సందేశం వచ్చింది. "ఇవాళ తుడుపు కదా, పొగేంటి?"

"నీ పొయ్యి సంగతి నువ్వు చూసుకో" అని జవాబిచ్చి ఓడ్వార్ ఇంకో రెండు దుంగలు వేశాడు.

ఏడున్నరకు గోడలో హోరు మొదలైంది. సీగ్రున్ వంటగదిలోంచి వచ్చింది.

"సరుకు రైలా?"

"ఈ టైముకి రైలు లేదు."

ఇద్దరూ చిమ్నీ గోడ వైపు చూశారు.

"ఏం చేశావ్?"

"శుభ్రం చేస్తున్నా."

సీగ్రున్ గోడకు అరచెయ్యి ఆనించి వెంటనే తీసేసింది. ఓడ్వార్ బకెట్ అందుకున్నాడు.

"నీళ్లు పొయ్యకు! చిమ్నీ పగిలిపోద్ది! కాగితం చదవలేదా?"

"ఏ కాగితం?"

ఫ్రిజ్ తలుపు మీద దుప్పుల వేట జట్టు జాబితా ఉంది. అది ఓడ్వార్ అంటించాడు. దాని కింద, కనపడకుండా, యూస్తైన్ కాగితం ఏడాదిగా ఉంది. సీగ్రున్ దాన్ని చూడకుండానే చెప్పింది. "గాలి తలుపులన్నీ మూసెయ్యాలి. బయటికెళ్లాలి. ఫోన్ చెయ్యాలి. నువ్వు నడువు." పొయ్యి గాలి తలుపులు ఆమే మూసింది.

బయట, చిమ్నీ నోట్లోంచి మూరెడు మంట లేస్తోంది. నిప్పురవ్వలు కట్టెల కొట్టం మీద పడుతున్నాయి. అందులో మూడు చలికాలాలకు సరిపడా కట్టెలున్నాయి.

"ఫోన్ చేశావా?"

"చేస్తే యూస్తైన్‌కి తెలిసిపోద్ది."

"ఇల్లు కాలితే తెలీదా?"

ఎదుటి గుమ్మంలో తెర్యె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. ఓడ్వార్ వద్దని రెండు చేతులూ ఊపాడు. సాయం సరిపోదంటున్నాడని తెర్యె అనుకున్నాడు.

"రెండో బండి కూడా పంపమన్నా!" అని అరిచాడు.

ఎనిమిదికి రెండు బండ్లూ వచ్చాయి. మొదటి బండిలోంచి హెల్మెట్ పెట్టుకుని యూస్తైన్ దిగాడు. ఆ చిన్న ఊళ్లో చిమ్నీలు తుడిచేవాడూ మంటలార్పేవాడూ ఒకడే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఓడ్వార్‌కూ తెలుసు.

"గంట ముందే వచ్చేశాను పెద్దాయనా, పర్లేదా?" అన్నాడు యూస్తైన్. నిచ్చెన వేసి పైకెక్కాడు.

హోరు తగ్గడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా ఓడ్వార్ కొట్టం పైకప్పు మీది రవ్వల్ని పారతో కొడుతూనే ఉన్నాడు. సరిగ్గా తొమ్మిదింటికి యూస్తైన్ కిందికి దిగాడు.

"హీట్ పంపే పెట్టించు" అన్నాడు ఓడ్వార్, సీగ్రున్‌తో. "ఈ పొయ్యి నాకొద్దు."

సీగ్రున్ అతని వైపు చూడలేదు. "చిమ్నీ పగిలిందా?" అని యూస్తైన్‌ను అడిగింది.

"పైకైతే పగుళ్లు కనపళ్లేదు. కెమెరాతో లోపల చూసేదాకా వెలిగించొద్దు. గాలి తలుపులు ఎవరు మూశారు?"

"నేనే."

"అందుకే ఇల్లు నిలబడింది."

సీగ్రున్ భర్త ముందు చెయ్యి చాపింది. "అగ్గిపెట్టె ఇటివ్వు. పొయ్యి ఉంటుంది. ఇక వెలిగించేది నేను. నువ్వు కట్టెలు మొయ్యి."

నలభై రెండేళ్ల కాపురంలో ఓడ్వార్ ఆ అగ్గిపెట్టె ఎవరికీ ఇవ్వలేదు. జేబులోంచి తీసి ఇచ్చాడు.

"ఇంతకీ ఈసారి కాగితం మీద ఏం రాశావయ్యా?" అని యూస్తైన్‌ను అడిగాడు.

యూస్తైన్ చేతిలోని పుస్తకంలోంచి కాగితం చించి సీగ్రున్‌కు ఇచ్చాడు. అందులో "మసి లేదు" అని ఉంది.

సీగ్రున్ దాన్ని తీసుకెళ్లి దుప్పుల వేట జాబితా మీద అంటించింది.