మళ్లీ పరీక్షించేదాకా కదల్చరాదు

ఆ శుక్రవారం చంద్రకాంత్ వేసుకున్న లెక్క చాలా సులువైనది. ఆరున్నరకు దేవుడి ముందు దీపం, తొమ్మిదికి లక్డారం బడి, పదకొండుకు రుద్రారం గణపతి దర్శనం, రెండింటికి డ్యూటీ. కాజీపల్లిలోని ఒక మందుల ఫ్యాక్టరీలో మాత్రలు తనిఖీ చేయడం పద్నాలుగేళ్లుగా అతని పని. బడి కమిటీకి చైర్మన్ కూడా అతనే. పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చిందో ఇకనుంచి ప్రతి శుక్రవారం చూద్దామని, నలభై ఒక్క మందిని ఒక్కదాన్నే వినలేనని, కాస్త సాయం రమ్మని జ్యోతి టీచర్ అడిగారు.

దీపం ముందు కూతురు హరిచందన పుస్తకం పట్టుకుని గణపతి స్తోత్రం గడగడా అప్పజెప్పింది. నాలుగో తరగతి. ఫిబ్రవరిలో గురుకులం ప్రవేశ పరీక్ష. ఈ పిల్లకు సీటు ఇప్పించు స్వామీ అని చంద్రకాంత్ రోజూ అడిగేది ఆ ఒక్కటే. ఆ ఉదయం కూడా అడిగాడు. స్తోత్రం రెండు పేజీలుంటే పిల్ల ఒక్కసారి కూడా పేజీ తిప్పలేదన్న సంగతి కంటపడింది. కంటపడనట్టే హారతి కళ్లకద్దుకున్నాడు.

బడిలో జ్యోతి టీచర్ అతని చేతికి కోడిపిల్ల బొమ్మ ఉన్న పేజీ ఇచ్చారు.

"ఒక్కొక్కలతోని ఇది చదివించుండ్రి. ఏ అక్షరం కాడ ఆగుతున్నరో రాసుకుంటే చాలు. సోమవారం నేను ఆడి నుంచే మొదలుపెడ్త."

"మీరు పరేషాన్ గాకుండ్రి మేడం. చెకింగ్ నాకు కొత్తనా?"

తనిఖీ అంటే అతనికి తెలిసింది ఒకటే. ఉంటే పాసు, లేకపోతే కాదు. అందుకే రాత్రి కూర్చుని రంగు కాగితాలు చీటీలుగా కత్తిరించి తెచ్చాడు. ఎర్రవి మాత్రం తేలేదు. ఫ్యాక్టరీలో ఎర్ర చీటీ పడ్డ సరుకును పారేస్తారు, పిల్లలను ఎలా పారేస్తామని మనసొప్పలేదు. చదివినవాళ్లకు ఆకుపచ్చ, ఆగినవాళ్లకు పసుపు. ఆకుపచ్చ చీటీ మీద 'పాస్' అని రాశాడు. పసుపు చీటీ మీద ఏం రాయాలో అతని చేతికే తెలుసు, పద్నాలుగేళ్ల అలవాటు. 'మళ్లీ పరీక్షించేదాకా కదల్చరాదు. చంద్రకాంత్' అని రాసి, గుండుసూదితో చొక్కాలకు గుచ్చాడు. ఇరవై ఆరు పసుపు, పద్నాలుగు ఆకుపచ్చ. చివరగా వచ్చింది హరిచందన. అప్పటికే పదకొండు కావస్తోంది. రోజూ వింటున్న పిల్లేగా అనుకుని పదిహేనో ఆకుపచ్చ చీటీ గుచ్చి గుడికి బయలుదేరాడు. పక్క గదిలో ఒకటో తరగతి వాళ్ల ఏడుపు మాన్పిస్తున్న టీచర్ ఇదంతా చూడనే లేదు.

శనివారం తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది.

"చంద్రకాంత్ గారూ, బడికి సెలవు గిట్ల ఇచ్చిన్రా మీరు?"

"నేనెందుకిస్త మేడం?"

"ముగ్గురే వచ్చిన్రు. మీ పాప, కిరాణం దుకాణమాయన కవలలు. వంట ముత్యమ్మ నలభై మందికి ఎసరు పెట్టి కూసున్నది."

మిగతా పిల్లల తండ్రులంతా ఆ ఫ్యాక్టరీలోనే పనిచేస్తారు; కిరాణం దుకాణమాయన మాత్రం జన్మలో ఆ గేటు దాటినవాడు కాదు. ఈ ముక్క చంద్రకాంత్‌కు అప్పుడే తట్టి ఉంటే బాగుండేది. తట్టలేదు. టీచర్‌ను, కూతురిని వెంటబెట్టుకుని పిల్లల కోసం ఊళ్లోకి నడిచాడు.

మొదటి ఇల్లు మొగులమ్మది. వాకిట్లో మంచం, మంచం మీద మూడో తరగతి మనవరాలు నిషిత, గౌను మీద పసుపు చీటీ.

"ఏందవ్వా, పిల్లను బడికి పంపలే?"

"ఎట్ల పంపుత కొడుకా? కదల్చొద్దని నువ్వే రాస్తివి! గీ చీటీ ఉన్న డబ్బా జరిపినందుకు పోయినేడు నా కొడుక్కు మెమో ఇచ్చిన్రట. డ్యూటీకి పోతపోత ఒక్కటే చెప్పిండు, చంద్రకాంతన్న వచ్చేదాక పిల్లను మంచం దిగనియ్యకు అని. నిన్న పొద్దుగూకిన కాడికెల్లి దిగనియ్యలే."

"మరి అన్నం?" అన్నారు టీచర్.

"మంచం మీదికే. ఒక్క పనికి మాత్రం నేనే చెయ్యి పట్టుకొని తీస్కపోయిన. తప్పయితే చెప్పుండ్రి."

ఇంతలో చుట్టుపక్కల వాళ్లు గుమిగూడారు. ఎవరింట్లో చూసినా అదే కథ. ఒకాయన సగం అల్లిన జడతోనే కూతురిని ఇంట్లో కూర్చోబెట్టాడు. ఆకుపచ్చ చీటీ పిల్లలైనా ఏరని టీచర్ అడిగితే, ఫ్యాక్టరీలో లారీలకు సరుకు ఎక్కించే తాజ్ మొహమ్మద్ ముందుకొచ్చాడు.

"మా యాస్మిన్‌ను పటాన్‌చెరు పంపించిన మేడం, వాళ్ల అమ్మమ్మ ఇంటికి. గ్రీన్ చీటీ అంటే మాల్ రెడీ. రెడీ అయిన మాల్‌ను గోదాంల పెట్టుకుంటరా?"

మిగతా ఆకుపచ్చ చీటీ పిల్లల తండ్రులూ తలలూపారు. పాసైన పిల్లకు మళ్లీ బడెందుకన్నది వాళ్లకూ అర్థం కాలేదు.

"గవన్నీ తర్వాత," అన్నాడు ప్యాకింగ్‌లో పనిచేసే రామన్న. "ఒక్క మాట చెప్పు చంద్రకాంతన్నా. ఇరవై ఆరు ఫెయిలైనయంటే మందుగోలీలను తిడ్తమా? మిషన్ ఆపి చూస్తం. గీడ మిషన్ ఎవరు?"

అందరూ టీచర్ వైపు చూశారు. చంద్రకాంత్ అడ్డుపడబోయాడు. ఆవిడ వద్దని చేయెత్తారు.

"నేనే మిషన్. యాడ ఆగుతున్నరో చెప్పుమన్నది గందుకే రామన్నా. పిల్లలకు గుర్తు పెట్టనీకి గాదు, నన్ను నేను సరిచేసుకోనీకి. గంటగంటకు మీరు గోలీలు చూస్తరు సూడు, గట్లనే వారంవారం."

రామన్న "అట్లయితే కరెక్టే," అని, అంతటితో ఊరుకోక, "మరి పాసైన శాంపిల్ ఎట్లుంటదో మాకు జెర చూపియ్యుండ్రి. మీ బిడ్డనే చదవమనుండ్రి," అన్నాడు.

చంద్రకాంత్ జేబులోంచి కోడిపిల్ల పేజీ తీశాడు. హరిచందన పేజీ అందుకుంది.

"వాన వచ్చింది. కోడిపిల్ల తడిసింది," అని చదివి, బొమ్మ వైపు చూసి, గొంతు పెంచి, "తల్లి దగ్గరికి ఉరికింది," అంది.

"గట్ల లేదక్కా," మంచం మీద నుంచి నిషిత అంది. నిన్నటి నుంచి ఆ పిల్లకు తోడున్నది ఆ కోడిపిల్ల పాఠం ఉన్న పుస్తకమే. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. "గు...డ్డి... గుడ్డిదీపం వెలు...గులో... తల్లి కో...సం వె...తికింది."

చూడకుండా సంతకం పెట్టడానికి మించిన తప్పు చంద్రకాంత్ ఫ్యాక్టరీలో లేదు. దానికి మెమో ఉండదు, నేరుగా గేటు బయటికే.

"నా బిడ్డను నేను వినలే," అన్నాడు అందరి ముందూ. "వినకుంటనే పాస్ రాసిన."

"మరి మా యాస్మిన్‌ను?" అన్నాడు తాజ్.

"విన్న భాయ్."

"పక్కానా?"

నవ్వులు లేచాయి. హరిచందన మాత్రం నవ్వలేదు. "డాడీ, గురుకులం పరీక్షల స్తోత్రం అడుగరా?" అంది చిన్నగా.

చంద్రకాంత్ సీటు కోసం ఇన్నాళ్లు దేవుణ్ణి అడిగాడు. ఏ వరుస చదువుతున్నావమ్మా అని పిల్లను ఒక్కరోజు కూడా అడగలేదు. స్వామికి ఈ సంగతి ముందే తెలుసేమో, ఎవరితో చెప్పించాలా అని చూస్తూ వచ్చాడేమో.

జ్యోతి టీచర్ అప్పుడే సంచిలోంచి నోటుబుక్కు తీసి, హరిచందన పేరు ఎదురుగా 'కొత్త మాట వస్తే ఊహించి చెబుతోంది' అని రాసుకున్నారు. "ఫిబ్రవరి దాక ఇంక పద్నాలుగు శుక్రవారాలున్నయి బిడ్డా. సాలు," అన్నారు. పిల్ల ముఖం తేటపడింది. చంద్రకాంత్‌కు మాత్రం పని అంత తేలిగ్గా తెమలలేదు. ఇరవై ఆరు చీటీల మీద 'కదల్చవచ్చు' అని రాసి సంతకం చేస్తేగాని తల్లిదండ్రులు పిల్లలను విడిచిపెట్టలేదు. ఎసరు పెట్టిన అన్నం వృథా కాకూడదని ముత్యమ్మ కబురంపితే, పిల్లలు బడికి పరుగెత్తారు. యాస్మిన్ సోమవారం పటాన్‌చెరు నుంచి తిరిగొచ్చింది.

వచ్చే శుక్రవారం కూడా తప్పకుండా రమ్మన్నారు జ్యోతి టీచర్. పెన్ను మాత్రం ఇంట్లోనే పెట్టి రమ్మన్నారు.