నిమ్మకాయ మీద కత్తిగాట్లు

“నేరం ఎన్ని నీళ్ళలో మునిగినా నా చూపు దానికన్నా మూరెడు లోతుకు దిగుతుంది” అని మా ఆయన ప్రకటించారు. అప్పటికి ఆయన చొక్కా తిరగేసి తొడుక్కుని ఉన్నారు. ఆ సంగతి నేను చెప్పలేదు. చెబితే దాన్ని మారువేషం అంటారు.

మా ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ రైళ్ళలో టికెట్లు తనిఖీ చేశారు. రిటైరయ్యాక లోకమంతా టికెట్ లేకుండా తిరుగుతోందని ఆయన అనుమానం. పాలు విరిగినా విచారణే, చెప్పు తెగినా విచారణే. ఇరుగుపొరుగు ఆయనకు భూతద్దం అని పేరు పెడితే, ఆయన దాన్ని బిరుదు కింద జమ వేసుకున్నారు.

ఈసారి కేసు మా చెల్లెలి ఇంట్లో. చెల్లెలు టైలరు. చాలాకాలం ఒంటరిగా బతికి, తల నెరిశాక, కట్టుడు పళ్ళు తయారుచేసే ఒకాయన్ను పెళ్ళి చేసుకుంది. ఇద్దరినీ కలిపింది ఉప్పునీటి చేపల పిచ్చి. ఆమె తొట్టిలో ఊదారంగు టాంగ్ చేప ఉండేది, పేరు వంకాయ. ఆయన తొట్టిలో పసుపు టాంగ్, పేరు నిమ్మకాయ. రెండూ పళ్ళెంలా బల్లపరుపుగా, ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. పెళ్ళయ్యాక మరిది తన నిమ్మకాయను తెచ్చి వంకాయ తొట్టిలో వదిలాడు. కొన్నాళ్ళకే నిమ్మకాయ ఒంటిమీద గాట్లు మొదలయ్యాయి.

మరిది మాటల మనిషి కాదు. చేప ఇక్కడ బతకదనీ, పెళ్ళికి ముందున్న పాత గదిలో తన తొట్టి ఇంకా నడుస్తోందనీ, ఈ సాయంత్రమే తీసుకుపోతాననీ అన్నాడట. చేప కుదుటపడేదాకా తానూ అక్కడే పడుకుంటాడట. చెల్లెలు ఫోనులో ఇంతే చెప్పి పెట్టేసింది. నాలుగు రోజులకని గడప దాటినవాళ్ళలో ఎందరు తిరిగొస్తారో నేను చూసినదాన్ని. వెంటనే బయల్దేరాను. మా ఆయన్ను నేను పిలవలేదు. కేసే పిలిచిందట.

మేం వెళ్ళేసరికి మరిది బకెట్టులో ఉప్పునీళ్ళు కలుపుతున్నాడు. చెల్లెలు తల ఎత్తకుండా మిషను తొక్కుతోంది. మా ఆయన తొట్టి ముందు కుర్చీ వేసుకుని విచారణ మొదలుపెట్టారు. వంకాయ తన రాళ్ళ గుహలోంచి వచ్చి అద్దానికి మూతి ఆనించింది. మనిషి కనబడితే చాలు, తిండి కోసం అలా వచ్చి నోట్లో వేలు పెట్టినా కొరకనట్టు నిలబడుతుందట. అందుకే ఎవరికీ దాని మీద అనుమానం రాలేదు. నిమ్మకాయ మూలన పంపు చాటున నక్కి ఉంది.

“వంకాయ నిర్దోషి” అన్నారు మా ఆయన.

“ఎలా చెప్పారు బావగారూ?” అంది చెల్లెలు.

“తన సీట్లో తాను కూర్చున్న ప్రయాణికుడు గొడవ పెట్టుకోడు. నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు.”

ముందెక్కి కూర్చున్నవాళ్ళే తలుపు మూసి, ఎక్కబోయేవాళ్ళ మీద విరుచుకుపడటం నేను ప్రతి ప్రయాణంలోనూ చూశాను. కానీ నన్నెవరడిగారు?

వంకాయను ఆయన ప్రత్యక్ష సాక్షిగా గుర్తించారు. దాని ప్రాణానికి ముప్పుందని, ధైర్యం కోసం ఒక సముద్రపు నాచు ముక్క అదనంగా ఇప్పించారు. అది తిని సాక్షి ఇంకా బలంగా గుహ చుట్టూ పహరా కాసింది. తర్వాత భూతద్దంతో నిమ్మకాయ గాట్లు పరిశీలించి, సూటిగా ఉన్నాయి కాబట్టి పదునైన ఆయుధమేనని తేల్చారు. మరిది దగ్గర పళ్ళ అచ్చులకు మైనం చెక్కే కత్తులున్నా ఆయన్ను వదిలేశారు. తన టికెట్ తానే ఎవరూ చించుకోరట. ఇక మిగిలింది చెల్లెలి ఒళ్ళో ఉన్న కత్తెర.

“మరదలా, నిజం ఒప్పుకో. కొత్తగా వచ్చిన చేప నీకు గిట్టలేదు.”

మిషను ఆగింది. చెల్లెలు మా ఆయన వంక చూడలేదు. భర్త వంక చూసింది.

“మీరూ అలాగే అనుకుంటున్నారా?”

మరిది వెంటనే కాదని ఉంటే బాగుండేది. “దానికి ఇక్కడ చోటు లేదు, అంతే” అన్నాడు.

“దానికేనా?”

మరిది బకెట్టులో ఇంకో గుప్పెడు ఉప్పు వేసి కలిపాడు.

ఆ సమయంలోనే మా ఆయన, నేరం జరిగిన తీరు కళ్ళకు కడతానని, కత్తెర లాక్కుని స్టూలెక్కారు. నేను చొక్కా పట్టుకుని లాగేలోగా చెయ్యి మోచేతిదాకా తొట్టిలో దిగింది.

గుహ ముందుకు వచ్చిన చేతిని ప్రత్యక్ష సాక్షి ఒక్క క్షణం చూసింది. ఒళ్ళు అడ్డం తిప్పి, తోకతో ఒక్క విసురు విసిరింది. మా ఆయన కెవ్వుమని కత్తెర వదిలేసి చెయ్యి లాక్కున్నారు. తడిసిన చొక్కా రాళ్ళకు తగులుకుని, గుహా, దాని నెత్తిన ఉన్న గుట్టా అన్నీ కుప్పకూలాయి. నీళ్ళు మసకబారాయి.

మరిది ముందు కత్తెరను పట్టకారుతో పైకి తీశాడు. తర్వాత మా ఆయన మణికట్టును వెలుగులోకి తిప్పి చూశాడు. నిమ్మకాయ ఒంటిమీది గాటుకు అది అచ్చుగుద్దినట్టు జోడీ.

“కత్తెర కాదు అన్నగారూ. వీటి తోక మొదట్లో మడతకత్తిలాంటి ముల్లుంటుంది. ఇన్నాళ్ళూ ఎవరి చేపను వాళ్ళం ఒంటరిగా పెంచాం కదా, అది దూయడం మేం చూడనేలేదు.” ఆ తర్వాత చెల్లెలి వైపు తిరిగాడు. “నేను వెంటనే కాదనాల్సింది.”

“అనాల్సింది” అంది చెల్లెలు.

“చెయ్యి కావాలనే పెట్టాను, ఎరగా” అంటూ మా ఆయన రక్తం కారుతున్న చేత్తో బాత్రూమ్ వైపు పరుగెత్తారు.

నీళ్ళు తేటపడ్డాయి. వంకాయ తన గుహ కోసం వెతుక్కుంది. అది లేదు. ఒక సందులో దూరింది, నచ్చక బయటికొచ్చింది. నిమ్మకాయ కూడా పంపు చాటు వదిలి రాళ్ళ మధ్య చోటు చూసుకుంటోంది. రెండూ ఎదురుపడ్డాయి. ముగ్గురం అద్దం దగ్గరికి వంగాం. వంకాయ ఒళ్ళు తిప్పింది, కానీ విసరలేదు. పక్కనుంచి వెళ్ళిపోయింది.

“గుహ ఉన్నన్నాళ్ళూ తొట్టంతా తనదే అనుకుంది. ఇప్పుడు రెండూ కొత్తవాళ్ళే” అన్నాడు మరిది. “నాచు రెండు చోట్ల కట్టి, కొన్నాళ్ళు చూద్దాం.”

చెల్లెలు ఆయన మాట వింటూనే గదిని కలయజూసింది. బీరువా తనది, బల్ల తనది, కిటికీ వెలుగు తనది. తలుపు వెనక మరిది బట్టల సంచీ, కాపురానికి వచ్చిన రోజు దించినచోటే ఉంది.

“మిషను ఆ పక్క పట్టుకోండి” అంది.

“అది ఇక్కణ్ణుంచి కదలదన్నావుగా?”

“అప్పుడన్నాను.”

ముగ్గురం కలిసి మిషను జరిపాం. బీరువా అడ్డం తిప్పాం. మంచం అవతలి గోడకు చేర్చాం. కిటికీ కింద సగం బల్ల పళ్ళ అచ్చులకు ఖాళీ అయింది. మరిది చొక్కాలు ఒక్కొక్కటే బీరువాలోకి వెళ్ళాయి.

అంతలో మా ఆయన చేతికి కట్టుతో వచ్చి గుమ్మంలో ఆగారు. గదిని ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసి, గొంతు తగ్గించారు.

“ఎవరూ కదలకండి. నేను అటు వెళ్ళగానే ఇంట్లో దొంగలు పడ్డారు.”