ఏనుగు బదులు గుండీ

తెల్ల ఏనుగుల్లో ఒకటి పోయిన రోజున ఇల్లంతా వెతికారు. దొరకలేదు. కొత్త చదరంగం కొందామన్నారు లెక్కల మాస్టారు. భార్య ఒప్పుకోలేదు. దండెం మీది ఆయన చొక్కా అందుకుని, రెండో గుండీ పుటుక్కున తెంపి ఏనుగు గడిలో పెట్టింది.

"ఇదే ఏనుగు. తొండం లేదని వంక పెట్టకండి."

ఆవిడకు ఆట ఆడటం కంటే చిక్కులు కట్టడం ఇష్టం. ఏటా మాస్టారి పుట్టినరోజుకు పావులు పేర్చి, "తెల్లవాళ్ళు మొదలుపెట్టి మూడు ఎత్తుల్లో ఆట కట్టించాలి" అని చెప్పి తన పనిలో పడేది. జవాబు ఎక్కడా రాసిపెట్టేది కాదు. ఆయన ఒక్కో ఎత్తూ వేసి చెబుతుంటే, వంటింట్లో కూర తరుగుతూనే "ఊఁ, అప్పుడు?" అనేది. చివరి చిక్కు పేర్చిన రెండు రోజులకే ఆవిడ పోయింది. ఆ నెలాఖరున మాస్టారు బల్ల మీద తువ్వాలు కప్పేశారు.

మళ్ళీ పుట్టినరోజు ఆదివారం వచ్చింది. కాఫీ చల్లారేలోగా ఆ చివరి చిక్కు విప్పెయ్యాలనుకుని పొద్దున్నే తువ్వాలు తీశారు. కాఫీ చల్లారింది. మధ్యాహ్నమైంది. ఎటునుంచి తరిమినా నల్లరాజు చివర్లో పక్క గడిలోకి జారుకుంటున్నాడు.

"ఒరేయ్, ఆ రాజుని వదిలేసి అన్నానికి రా" అంది, ఏడాదిగా ఆయనతోనే ఉంటున్న అక్క.

సోమవారం స్టాఫ్ రూమ్ బోర్డు మీద ఆ చిక్కు గీశారు. బంట్లను పరుగెత్తించమని డ్రిల్లు మాస్టారు సలహా ఇచ్చాడు. గంట కొట్టమంటారా అని అడగడానికి వచ్చిన ప్యూను, అడగటం మరిచి బోర్డు ముందే నిలబడిపోయాడు. గంట మోగలేదేమని మండిపడుతూ వచ్చిన హెడ్మాస్టారు సుద్దముక్క అందుకున్నారు. ఆ రోజు బడి నలభై నిమిషాలు ఆలస్యంగా వదిలారు. గేటు దగ్గర తల్లిదండ్రులు అరుస్తుంటే హెడ్మాస్టారికి అవమానంగా తోచింది.

"ఇది కుదరదండీ. మీ ఆవిడ ఎక్కడో తప్పు వేశారు."

"ఆవిడ తప్పు వేయదు సార్."

ఇరవై ఏళ్ళలో మాస్టారి గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు.

"అయితే అసలు బల్లే చూద్దాం పదండి!" అన్నారు హెడ్మాస్టారు.

సాయంత్రం హెడ్మాస్టారు, డ్రిల్లు మాస్టారు ఆయన ఇంట్లో బల్ల చుట్టూ చేరారు. అరగంట చూసి హెడ్మాస్టారు మెల్లగా అన్నారు. "ఏమీ అనుకోకండి. ఒంట్లో బాగోనప్పుడు కట్టారేమో."

మాస్టారు తన చొక్కా రెండో గుండీని తిప్పుతూ ఉండిపోయారు. అది ఊడి చేతిలోకి వచ్చింది.

"అయ్యో, మళ్ళీ ఊడిందా?" అంది అక్క. "నేను వచ్చిన కొత్తలో గట్టిగానే కుట్టానే!"

"ఇది నీకెక్కడ దొరికిందక్కా?"

"ఇక్కడే. ఈ బొమ్మల మధ్య పడి ఉంది."

"ఏ గడిలో?"

"గుండీ దొరికితే చొక్కా వెతుకుతారు గానీ గడి చూస్తారట్రా?"

ఎవరూ నవ్వలేదు. ఏనుగును ఏడాది పాటు గుండెల మీద పెట్టుకుని తిరిగానన్నమాట, అనుకున్నారు మాస్టారు. నల్లరాజు జారుకునే గడి నుంచి వేలు పోనిచ్చి, ఆ వరుస చిట్టచివర గుండీని పెట్టారు. దారి మూసుకుంది.

"తప్పు నాదేనండీ" అన్నారు హెడ్మాస్టారు. ఆ మాట ఎవరికి చెప్పారో గానీ, గోడ మీది ఫొటో వైపు తిరిగి చెప్పారు.

అందరూ వెళ్ళాక మాస్టారు మొదటి ఎత్తు వేసి కాసేపు ఆగారు. వంటింట్లోంచి చప్పుడు లేదు. రెండోది వేసి ఇంకాసేపు ఆగారు. మూడోది ఏదో ఆయనకు తెలుసు.

"అయిందా?" అంది అక్క, సూదీదారం పట్టుకుని. "ఆ గుండీ ఇటివ్వు."

"ఇంకా కాలేదక్కా."

మూడో ఎత్తు ఇప్పటికీ వేయలేదు. చొక్కాకు రెండో గుండీ లేదు.