కండువా కింద బేరం

సోమవారం పొద్దున్నే గంగరాజు ద్రాక్షారామం బయల్దేరాడు. భీమేశ్వరస్వామి దర్శనం చేసుకుని, ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చుని, ఫోనులో ఒక పెట్టె తెరవాలని ఆయన పథకం.

మనవరాలు దేవిశ్రీ వేసవి సెలవుల్లో ఎక్కించి పోయిన వ్యవసాయం ఆట అది. అందులో అన్నీ కొనుక్కోవచ్చు, నుదుటి మీద నల్లమచ్చ ఉన్న తెల్ల ఎద్దు తప్ప. అది అదృష్టం పెట్టెల్లోనే వస్తుంది. పెట్టె తొంభై తొమ్మిది రూపాయలు, లోపల ఏముందో తెరిస్తేగాని తెలియదు. ముప్పై ఆరు తెరిచాడు. దిష్టిబొమ్మకు టోపీలు, కోడిపెట్టకు గొడుగు వచ్చాయిగాని ఎద్దు రాలేదు. ట్రాక్టరు కొన్న ఏడాది అమ్మేసిన తన ఎద్దు భీముడు అచ్చం అలాగే ఉండేవాడు. తొమ్మిదేళ్ళయినా గంగరాజు పొలం గట్టు మీద నడుస్తూ వెనక్కి తిరిగి చూస్తాడు, వాడు వస్తున్నాడేమోనని.

భార్య రామలక్ష్మి మాత్రం, "మళ్ళీ ఆ పెట్టెలు ముట్టుకున్నారంటే ఫోను కాలవలో పడేస్తాను" అని చెప్పేసింది. ఎవరైనా చూస్తే ఆవిడకు చేరవేస్తారు. అందుకని ఆయన టీ కొట్టులో ఫోను ఒళ్ళో పెట్టుకుని, పైన కండువా కప్పి, నొక్కుతూ, "స్వామీ, ఆ తెల్ల ఎద్దును ఇప్పించు" అన్నాడు, కాస్త పైకే.

పక్కనే, గంగరాజు ఊళ్ళో ఇల్లిల్లూ తెలిసిన పశువుల బేరగాడు అమ్మిరాజు ఉన్నాడు. పశువుల బేరం నోటితో జరగదు. కండువా కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. మనిషి ఎద్దు కావాలంటున్నాడు, కండువా పరిచే ఉంది. అమ్మిరాజు లోపలికి చెయ్యి పోనిచ్చి నాలుగు వేళ్ళు పట్టుకున్నాడు. నలభై వేలన్నమాట.

కండువా తీస్తే గంగరాజు గుట్టు బయటపడుతుంది. చెయ్యి వదిలితే చాలని గబగబా తలూపాడు. అంతలో పెట్టె తెరుచుకుంది. కండువా అంచు ఎత్తి చూస్తే మళ్ళీ గొడుగే.

"ఇంకోటి చూద్దాం" అని నిట్టూర్చాడు.

జత కావాలి కాబోలనుకున్న అమ్మిరాజు, "అలాగేనండి" అని లేచి వెళ్ళిపోయాడు. గండం గడిచిందనుకున్నాడు గంగరాజు.

మధ్యాహ్నం బస్సు దిగేసరికి ఇంటి ముందు వ్యాను, రెండు తెల్ల ఎద్దులు, చుట్టూ వీధి వీధంతా. పక్కింటి సత్యకుమారి పసుపు కుంకుమల పళ్ళెంతో వచ్చేసింది. ఎవరో గడ్డిమోపు కూడా పడేశారు.

"ఏంటండీ ఇది?" అంది రామలక్ష్మి.

"నాకేం తెలీదే."

"తెలీకపోవడమేంటండీ? నా చేతిలో వేళ్ళు పెట్టి తలూపారు కదా. కండువా కింద మాట తప్పితే సంతలో నా మొహం ఎవరు చూస్తారండీ?" అన్నాడు అమ్మిరాజు.

ఇక దాచి లాభం లేక గంగరాజు ఆట సంగతి, ముప్పై ఏడు పెట్టెల సంగతి కక్కేశాడు. అందరూ నవ్వారు. రామలక్ష్మి నవ్వలేదు. ఒక ఎద్దు దగ్గరికెళ్ళి, మచ్చలేని నుదుటి మీద చెయ్యి వేసి నిమిరింది.

"ముప్పై ఏడేనా?" అంది. "నా ఫోనులో నేను యాభై రెండు తెరిచానండి. నాకూ రాలేదు."

గంగరాజు ఆవిడకేసి తిరిగాడు.

"భీముడికి రోజూ తౌడు కలిపి పెట్టింది నేను. వస్తే ముందు నా దగ్గరికే రావాలని మిమ్మల్ని వద్దన్నాను" అని కళ్ళు తుడుచుకుంది. "మచ్చ లేకపోతేనేం, రెండిటినీ కట్టెయ్యండి."

ముప్పై ఏళ్ళుగా పళ్ళు చూపించి, సుడులు చూపించి, నడిపించి చూపించి ఎద్దుల్ని అమ్ముకుంటున్న అమ్మిరాజు, "ఆ పెట్టెలమ్మే బేరగాడిది ఏ ఊరండీ?" అని ఎంతో భక్తిగా అడిగాడు.